ఎడమ పక్క బరువు

ముందు చప్పుడు వచ్చింది. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. మూసిన తలుపును ఎవరో వేలి కణుపుతో తట్టి, జవాబు రాక కొంచెం ఆగి మళ్లీ తట్టినట్టు. తొర్రూరు మార్కెట్ వీధిలో ఆ మధ్యాహ్నం ఎండ, ఉతికి ఆరేసిన ధోవతిలా కదలకుండా ఉంది. బెల్లం దుకాణం మెట్ల మీద బీడీ కాలుస్తూ కూర్చున్న జైసింగ్ తల కూడా ఎత్తలేదు.

"అగో, సేటు వస్తాండు," అన్నాడు.

"కారు కనపడనే లేదు కదా?" అన్నాను, ఆ వీధికి కొత్తగా వచ్చి పక్కన కూర్చున్న నేను.

"కారు కనపడుడెందుకు? గా కుంటి చప్పుడు ఊరందరికి ఎరుక."

ఆ తర్వాత కారు వచ్చింది. రంగు వెలిసిన తెల్ల మారుతి. ఎడమ భుజం కొంచెం పైకెత్తి, ఎవరి మాటో వింటున్న మనిషిలా ఒరిగి ఉంది. అందులోంచి దిగినాయన శివప్రసాద్. యాభైకి దగ్గర పడ్డ మనిషి. పొట్టి చేతుల చొక్కా, మోచేతుల దాకా అంటిన బెల్లపు జిగురు, దుమ్ము పట్టినా తుడవాలనిపించని కళ్లద్దాలు.

జైసింగ్ గంగారం దిక్కు తండా మనిషి. ఈ దుకాణానికి పాత గిరాకీ. వదిలిపెట్టలేదు.

"సేటూ, ఊరందరికి బెల్లం తినవెడ్తవ్. నీ బండికి జర తినవెట్టరాదు? గట్ల మొత్తుకుంటాంది."

"నీ నోరు బాగైననాడు దాన్ని బాగు చేయిస్త తీ," అన్నాడు శివప్రసాద్. నవ్వకుండానే అన్నాడు. కానీ ఆ మాటలో ఒకప్పటి నవ్వు తాలూకు వంపు ఉంది.

ఈ ఇంటివాళ్లు తాతల నాటి నుంచి బెల్లం, చింతపండు, ఎండుమిర్చి అమ్ముతున్నారు. మేడారం జాతర వచ్చే ఏడు ఈ వీధికి బెల్లం వేరే వస్తువైపోతుంది. అప్పుడు దాన్ని ఎవరూ బెల్లమనరు, బంగారమంటారు. మొక్కుకున్న మనిషిని కాటా మీద కూర్చోబెట్టి, ఆ మనిషి ఎంత తూగితే అంత బంగారం తూచి, వనదేవతలకు సమర్పిస్తారు. పసిపిల్లలు తూగుతారు, పెళ్లికూతుళ్లు తూగుతారు, ఎన్నికల్లో గెలిచినవాళ్లు మెడనిండా దండలతో తూగుతారు. శివప్రసాద్ చిన్నప్పటి నుంచీ మనుషులను బరువుగా చూశాడు. ఎవరైనా మెట్లెక్కుతుంటే చాలు, అంకె ఆయన మనసులో ముందే పడిపోయేది.

ఆయనకు ఇంకో జీవితం కూడా ఉండేది. అది ఎడమ సీట్లో కూర్చునేది. పేరు శ్రావణ్. పదేళ్లు చిన్న తమ్ముడు.

శ్రావణ్‌కు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం చేతకాదు. తండాలకు, అడవి పల్లెలకు సరుకు తోలుకుపోయేవాడు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ మలుపు వెనక ఇసుక ఉంటుందో వాడి నోట్లో ఉండేది. అన్నకు బండి నడపడం పిచ్చి. ఇద్దరి పిచ్చీ కలిసి, ఏటా చలికాలం భూపాలపల్లిలో జరిగే కార్ల పోటీకి చేరింది. అక్కడి ఉత్సాహవంతులు కొందరు పెట్టుకున్న చిన్న పోటీ. డాక్టర్లు, పత్తి వ్యాపారులు, గనిలో పనిచేసే ఇంజనీర్లు వాళ్ల వాళ్ల సొంత కార్లతో వస్తారు. అది ఎవరు ముందు చేరుతారన్న పందెం కాదు. చెప్పిన వేళకు చెప్పిన చోట ఉండాలి. ముందు చేరినా తప్పే, వెనకబడినా తప్పే. అందుకని నడిపేవాడి కంటే పక్కన కూర్చుని దారి చెప్పేవాడు పెద్ద.

"కుడి. మెల్లగ. ముంగట రాళ్లున్నయ్. ఇగ పోనియ్," అనేవాడు శ్రావణ్. అన్న కళ్లు రోడ్డు మీద ఉండేవి, చెవులు తమ్ముడి గొంతులో ఉండేవి. ఇద్దరూ ఎప్పుడూ గెలవలేదు. ఒకసారి మూడో స్థానం వచ్చింది. అప్పుడు బహుమతిగా ఇచ్చిన ఇత్తడి గ్లాసులో ఇప్పటికీ అగరొత్తులు గుచ్చుతారు.

పోటీకి ముందు శివప్రసాద్ కారును కాటా ఎక్కించేవాడు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలుండాలట. ఆయన దగ్గర ఉన్నది బెల్లం తూచేది ఒక్కటే. అందుకని మూడు చక్రాల కింద అదే ఎత్తు చెక్కదిమ్మెలు పెట్టి, నాలుగో చక్రాన్ని కాటా మీదికి ఎక్కించి, ఒక్కో మూలను విడిగా తూచేవాడు. తాను కుడి సీట్లో, తమ్ముడు ఎడమ సీట్లో కూర్చున్నాకే తూచాలి. ఆ బరువులను బట్టే స్ప్రింగులు ఎంచాలి. జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద రేకుల షెడ్డు ఉన్న మెకానిక్ ఓదెలు వాటిని తెప్పించి బిగించేవాడు.

స్ప్రింగుకు, షాకప్సర్‌కు తేడా ఏమిటని నేను అడిగితే శివప్రసాద్ ఇట్లా చెప్పాడు: "స్ప్రింగు అమ్మ లెక్క. ఎంత బరువైనా ఎత్తుకుంటది. ఎత్తుకున్నంక ఊపుతనే ఉంటది. షాకప్సర్ నాయిన లెక్క. ఇగ చాలు, పండుకో అంటది. ఇద్దరు ఉండాలె. బరువుకు మించిన స్ప్రింగు పెడ్తివా, అది నొక్కుకోదు. గుంతను మింగదు. గుంతను తీస్కపోయి మనిషి చేతుల పెడ్తది."

రెండేళ్ల కింద శ్రావణ్‌కు నడుము నొప్పి మొదలైంది. పల్లె రోడ్ల మీద తిరిగే మనిషికి నడుము నొప్పి రాక ఏమొస్తుందన్నారు అందరూ. జండూబామ్ రాశారు, కాపడం పెట్టారు. చివరికి పట్నం దవాఖానలో చెప్పారు, ఎముకల లోపలి మూలుగకు జబ్బు పట్టిందని. డాక్టర్ సుద్దముక్క ఒకటి తీసి చూపించి, వెన్నుపూసలు ఇట్లా ఉన్నాయనుకోండి అన్నాడట. కుదుపు తగలకూడదన్నాడట. శివప్రసాద్‌కు ఆ తర్వాత డాక్టర్ చెప్పిందేదీ వినపడలేదు. కుదుపు అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయాడు. కుదుపు గురించి ఆయనకు తెలుసు. ప్రపంచంలో ఆయనకు తెలిసిన కష్టం అదొక్కటే. దాన్ని తగ్గించడానికి స్ప్రింగులున్నాయి, షాకప్సర్లున్నాయి.

పోయిన కార్తీకంలో శ్రావణ్ మంచం మీద నుంచి అడిగాడు.

"అన్నా, భూపాలపల్లికి పోదాం."

"పోదాం. నువ్వు మంచిగైనంక."

"మంచిగైనంక కాదు. ఈసారే."

శ్రావణ్ భార్య స్రవంతి చేతిలో మందుల గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. "బావా, మీకేమన్న పిచ్చా? మంచం మీద పక్కకు తిరగాల్నంటేనే పానం పోతాంది ఈయినకు."

"గందుకే పోదామంటున్న," అన్నాడు శ్రావణ్. "పక్కకు తిరిగే పని లేదు. ముంగట చూసుడే."

ఎవరూ నవ్వలేదు. శివప్రసాద్ ఆ రాత్రి నిద్రపోలేదు. తమ్ముడిని ఇంకొక్కసారి ఎడమ సీట్లో కూర్చోబెట్టాలి. నొప్పి తెలియకుండా తీసుకుపోయి, నొప్పి తెలియకుండా తీసుకురావాలి. ఆయన జీవితం మొత్తం ఆ రోజుల్లో ఆ రెండు వాక్యాలంత చిన్నదైపోయింది.

అదే వారంలో వాళ్లమ్మ సరోజన కొడుకు పేరు మీద నిలువెత్తు బంగారం మొక్కింది. జాతర దగ్గర పడుతోంది. దుకాణం నిండా గిరాకీలు. శ్రావణ్‌ను లోపలి నుంచి మెల్లగా నడిపించుకొచ్చారు. మీద స్వెట్టర్, దాని మీద శాలువా. మందులకు ముఖం ఉబ్బి, పూర్ణిమ నాటి చంద్రుడిలా గుండ్రంగా ఉంది. చూసినవాళ్లు, "ఏం తగ్గలే గదా, మంచిగనే ఉన్నడు," అన్నారు. కాటా మీద పీట వేశారు. శ్రావణ్ కూర్చున్నాడు. సరోజన ఎడంగా నిలబడలేదు. కొడుకును ఆనుకుని, భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె చీర కుచ్చిళ్లు కాటా పళ్లెం అంచు మీద పడి ఉన్నాయి.

ఎర్ర అంకెలు ఊగి, ఊగి, ఆగాయి.

"అరవై ఒకటి!" అన్నాడు శివప్రసాద్. "ఒరేయ్, జబ్బుకు ముందు అరవై నాలుగుంటివి. మూడు కిలోలే తగ్గినవ్."

శ్రావణ్ కాటా వైపు చూడలేదు. కిందికి చూశాడు. తర్వాత తల ఎత్తి, "నీ కాటా అబద్ధం చెప్తదా అన్నా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ సాయంత్రమే శివప్రసాద్ ఓదెలుకు ఫోన్ చేశాడు. ఎడమ పక్కన అరవై ఒక్క కిలోల మనిషి అని చెప్పాడు. కొత్త స్ప్రింగులు కావాలన్నాడు. షాకప్సర్లు పోటీకి పెట్టేవి కాదు, మెత్తగా దిగి మెత్తగా లేచేవి కావాలన్నాడు. పక్కన చిన్న మర తిప్పి గట్టిగానో మెత్తగానో చేసుకోగలిగే రకం.

"అన్నా, జర ఆలోచించు," అన్నాడు ఓదెలు. "అంబులెన్స్‌లోనే కుదుపులుంటయ్."

"అంబులెన్స్‌కు నా లెక్క తూచి స్ప్రింగులు వెయ్యరు."

ఓదెలు కొలతలు రాసుకున్నాడు.

స్ప్రింగులు వచ్చాయి, బిగించారు. ఇక పరీక్ష చూడాలి. పరీక్షకు తమ్ముడిని తిప్పలేడు. అందుకని దుకాణంలోంచి అరవై ఒక్క కిలోల బెల్లం ముద్దలు తూచి, గోనెసంచిలో వేసి, ఎడమ సీట్లో మనిషిలా నిలబెట్టి, బెల్టు పెట్టాడు. ఒడి అనుకున్న చోట స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టాడు. అంచుకు ఒక వేలెడు తక్కువగా. ఓదెలును వెనక కూర్చోబెట్టుకుని మానుకోట మీదుగా గంగారం అడవి రోడ్డు పట్టాడు. ఊరికో స్పీడ్ బ్రేకర్, వాగుకో గుంత. నీళ్లు తొణికిన చోట దిగడం, మర తిప్పడం, మళ్లీ వెనక్కి వచ్చి అదే గుంతలో దిగడం. దారిలో టీ హోటల్ దగ్గర ఆగితే హోటలాయన కిటికీలోంచి తొంగి చూశాడు.

"బెల్లానికి బెల్టు పెట్టినవ్. నువ్వు పెట్టుకోలె. గదేంది సేటు?"

"గది నాకన్న జాగ్రత్తగ ఇంటికి పోవాలె," అన్నాడు శివప్రసాద్.

పొద్దు వాలే వేళకు గ్లాసు తొణకడం ఆగింది. అడవిలో ఇప్పచెట్ల నీడలు రోడ్డు మీద పడి ఉన్నాయి. కారు ఆ నీడల మీది నుంచి, గుంతల మీది నుంచి ఒకే రకంగా పోయింది. గుంత కూడా ఒక నీడే అన్నట్టు. నీళ్లలో ఆకాశం కదలకుండా ఉంది. శివప్రసాద్ బండి పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఓదెలు కిందికి దిగి నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక స్రవంతిని వెనక ఎక్కించుకుని, ఊరి బయటి గుంతల మీద తిప్పి ఆ గ్లాసును చూపించారు. ఆమె చాలాసేపు నీళ్లనే చూసి, "మెల్లగ తీస్కపోండ్రి బావా," అంది. బెల్లం దించేశాక కారులో చీమలు మిగిలాయి. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

పోటీ నాడు భూపాలపల్లిలో మంచు పడింది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క చెట్ల ఆకులు నల్లగా, మంచు నీళ్లకు కాటుక కారిన కళ్లలా ఉన్నాయి. స్రవంతి, సరోజన మొదలయ్యే చోటే ఒక టెంటు కింద కూర్చున్నారు. శ్రావణ్‌ను ఓదెలు, ఇంకో మనిషి కలిసి సీట్లో కూర్చోబెట్టారు. నడుముకు పట్టీ, వెనక దిండు. చేతిలో దారి కాగితం ఉంది కానీ వాడు దాన్ని చూడలేదు. ఆ దారి వాడికి కంఠస్థం.

జెండా ఊపారు. మెల్లగా కదిలారు. శివప్రసాద్ చెప్పింది వింటే, ఆ మొదటి గంట ఆయన జీవితంలో మళ్లీ రానిది. చిన్న చిన్న కుదుపులకు తమ్ముడు పళ్లు బిగించడం కంటి కొసకు కనపడింది. నొప్పి కొంత ఉంటుంది కదా అనుకున్నాడు. గొంతు మాత్రం మారలేదు. "ఎడమ. పెద్ద మలుపు. చివర్ల ఇసుకుంటది. మెల్లగ. ఇగ పోనియ్." అడవి తెరుచుకుంటూ పోయింది. ముందూ కాదు, వెనకా కాదు. చెప్పిన వేళకు చెప్పిన చోట ఉన్నారు. ప్రతి చోటా.

కల్వర్టు దగ్గర ముందురోజు ఎవరో మట్టి పోసి పైపు పూడ్చారు. దారి కాగితంలో అది లేదు. పెద్ద కట్ట కాదు. గంగారం రోడ్డు మీద బెల్లంతో అంతకంటే పెద్దవి దాటాడు. శివప్రసాద్ బ్రేకు మీద కాలు పెట్టాడు, వేగం నడకంతైంది. ముందు చక్రం ఎక్కింది. స్ప్రింగు నొక్కుకోవాల్సిన చోట నొక్కుకోలేదు. కారు ఎడమ పక్క ఒక్కసారి పైకి తన్నింది. పిల్లలు బంతిని తన్నినట్టు, అంతే. ఏదీ విరిగిన చప్పుడు రాలేదు.

దారి చెప్పే గొంతు ఆగిపోయింది.

బండి ఆపాడు. అడవిలో ఒక పిట్ట అరుస్తోంది. శ్రావణ్ ముందుకే చూస్తున్నాడు.

"అన్నా," అన్నాడు. "నా కాళ్లు చూడు. ఉన్నయా?"

ఉన్నాయి. చెప్పులతో సహా అక్కడే ఉన్నాయి. శివప్రసాద్ అటు పక్కకు పరిగెత్తి, తలుపు తెరిచి, తమ్ముడి వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాడు. అప్పుడు తెలిసింది. ఆయన చేతులు పుట్టినప్పటి నుంచి బరువులు ఎత్తిన చేతులు. ఎంత బరువుకు ఎంత బలం పెట్టాలో ఆయన అడగకుండానే అవి సిద్ధమవుతాయి. అరవై ఒక్క కిలోలకు సిద్ధమై ఎత్తాయి. తమ్ముడు ఎంత తేలిగ్గా వచ్చేశాడంటే, ఇద్దరూ వెనక్కి తూలారు. ఖాళీ సంచిని నిండు సంచి అనుకుని ఎత్తినట్టు. ఆయన తమ్ముడిని పొదివి పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయాడు. కాళ్లు పోయిన సంగతి కంటే ముందు ఆ తేలిక ఆయన లోపలికి దిగింది.

పట్నం దవాఖానలో మంచానికే కాటా ఉంది. నర్సు అంకె చూసి గట్టిగా చదివింది. "నలభై ఏడు."

"తప్పు," అన్నాడు శివప్రసాద్.

"ఏంటండీ?"

"మీ కాటా తప్పు. నేను నా చేతులతోని తూచిన. అరవై ఒకటి."

"ఇది రోజూ చూస్తామండీ. తప్పు రాదు."

"మాది తాతల నాటి దుకాణమమ్మా. మా కాటా ఎన్నడు తప్పు చెప్పలె. మీ కాటానే చూపించుకోండ్రి."

గొంతు పెరిగింది. వార్డులో మనుషులు తిరిగి చూశారు. స్రవంతి ఆయన చెయ్యి పట్టుకుంది. మూలన బెంచీ మీద సరోజన కూర్చుని ఉంది. ఆమె తల ఎత్తలేదు. తన పాదాలను లోపలికి లాక్కుని, చీర కుచ్చిళ్లు వాటి మీద కప్పుకుంది. శివప్రసాద్ అది చూశాడు. చూసి, మాట మధ్యలోనే ఆపేశాడు.

డాక్టర్ మంచివాడు. ఆ పూస తుమ్మితే కూడా విరిగేదేనన్నాడు. పక్క మీద తిరిగినా విరిగేదన్నాడు. ఓదెలు జనగామ నుంచి వచ్చి, "గా పద్నాలుగు కిలోల తేడాకు గంత కాదన్నా. నువ్వు పరేషాన్ కాకు," అన్నాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. శివప్రసాద్ ఇద్దరికీ తలూపాడు. కానీ ఆయన తూచే మనిషి. తూకపు రాయి ఎంతో చెప్పకుండా సరుకు ఎంతో చెబితే ఆయన మనసు ఒప్పుకోదు.

ఒక మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరే ఉన్నారు. శ్రావణ్ పైకప్పును చూస్తూ అన్నాడు.

"నాకు ఎరుకే అన్నా."

"ఏంది?"

"కాటా సంగతి. కిందికి చూసిన గదా. అమ్మ కాలు కనపడ్డది. అంచు మీద పెట్టి మంచిగ తొక్కింది. నేను పరేషాన్ అయితనని తొక్కిందో, దేవతలకు బంగారం తక్కువైతదని తొక్కిందో. రెండిటికి గావచ్చు."

"మరి చెప్పకపోతివేందిరా?"

"చెప్తే నువ్వు తీస్కపోకపోదువు. నువ్వు మనిషి మాట ఇనవు. కాటా మాట ఇంటవు."

శివప్రసాద్ తమ్ముడి కాళ్ల మీది దుప్పటి సర్దాడు. శ్రావణ్ అడిగాడు.

"కల్వర్టు దాక ఒక్క మలుపన్న తప్పు చెప్పిన్నా?"

"లేదు."

"మరి ఇంకేంది," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

జాతర ఇంకా రాకముందే శ్రావణ్ పోయాడు.

మొక్కు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పక్కింటి బుచ్చమ్మే అంది, "మనిషే లేకపాయె. ఇంక మొక్కేందక్కా? తల్లులు ఏమనుకోరు తీ." సరోజన బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"మొక్కింది నేను," అంది. "నేనున్న గదా."

దుకాణంలోకి ఆమే వచ్చింది. శివప్రసాద్ కాటా తుడిచాడు. తల్లి వైపు చూడకుండా అడిగాడు. "ఎంత పెట్టమంటవమ్మా?"

"అప్పుడు ఎంత తూగిండో గంతే."

ముద్ద మీద ముద్ద పెడుతూ పోయాడు. ఎర్ర అంకెలు పెరిగి, నలభై ఏడు మీదుగా పోయినప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సరోజన ఆ చేతిని చూసింది. చెయ్యి మళ్లీ కదిలింది. అరవై ఒకటి దగ్గర ఆగాడు. ఇద్దరూ అంకెను చూస్తూ నిలబడ్డారు. అడగవలసింది ఆయన అడగలేదు. చెప్పవలసింది ఆమె చెప్పలేదు. బయట ఎవరో గిరాకీ, "సేటూ, పావుకిలో చింతపండు," అని పిలిచాడు.

ఆ బంగారాన్ని కారు ఎడమ సీట్లోనే పెట్టాడు. బెల్టు పెట్టాడు. సరోజన వెనక కూర్చుంది. అడవి దారిన మేడారం పోయినంతసేపూ కారు ఒక్క చప్పుడు చెయ్యలేదు. గుంతలు నీడల్లా జారిపోయాయి. స్ప్రింగు ఏ బరువు కోసం వచ్చిందో ఆ బరువు దాని మీద ఉంది. వనదేవతల గద్దెల దగ్గర, వేల మంది తొక్కిసలాటలో, ఆ బంగారాన్ని ముక్కలు చేసి విసిరారు. గాలిలో పసుపు, కుంకుమ, బెల్లం. ఒక ముక్క ఎవరి తలకో తగిలి పగిలింది. ఆ మనిషి దాన్నే ప్రసాదమని కళ్లకద్దుకున్నాడు.

తిరిగి వస్తుంటే మొదటి గుంత దగ్గర మొదలైంది. టక్. ఎడమ పక్క బరువు లేక, స్ప్రింగు గుంతలో సాగి, తాను కూర్చునే ఇనుప గిన్నెలో వదులై, మళ్లీ వచ్చి కూర్చుంటున్న చప్పుడు. మనిషి లేని కుర్చీని ఎవరో ప్రతిసారీ సర్దుతున్నట్టు. వెనక సీట్లోంచి సరోజన, "అదేం చప్పుడురా?" అని అడిగింది. "ఏం లేదమ్మా. రోడ్డు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన పోటీలకు పోలేదు. స్ప్రింగూ మార్చలేదు. స్రవంతి తన కొడుకుతో జఫర్‌గఢ్‌లోని పుట్టింటి దగ్గర ఉంటోంది. పది పదిహేను రోజులకోసారి శివప్రసాద్ పోయి, పొలం గట్టు మీద కూర్చుని వస్తాడు. పోయేటప్పుడు చప్పుడు, వచ్చేటప్పుడు చప్పుడు. ఆ ఊరి పిల్లలు దాన్ని విని గేటు తీయడం నేర్చుకున్నారు.

జైసింగ్ బండిని ఎగతాళి చేసిన ఆ మధ్యాహ్నం దుకాణంలోకి వచ్చాక ఆయన నీళ్లు తాగి, షాపు మూలన ఉన్న అట్టపెట్టె విప్పాడు. లోపల నూనె కాగితంలో చుట్టిన కొత్త షాకప్సర్లు. స్ప్రింగులు మాత్రం ఇంకా ఓదెలుకు చెప్పలేదట. సరోజనకు నడుము వంగిపోయింది. వారానికోసారి జనగామ దవాఖానకు తీసుకుపోవాలి. వెనక సీట్లో ఇరుకు, ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టాలి. ఇన్నాళ్లకు ఆ సీట్లోకి ఒక మనిషి వస్తోంది.

"ఇగ ఈ చప్పుడు పోతది," అన్నాడు. దాన్ని మంచి మాటగా చెప్పాడో, పోగొట్టుకునే మాటగా చెప్పాడో తెలియలేదు. షాకప్సర్ కడ్డీని ఒక చేత్తో లోపలికి నొక్కి వదిలాడు. అది తొందరపడకుండా, ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా పైకి లేచింది. రెండోసారి నొక్కాడు. మళ్లీ అదే తీరుగా లేచింది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఓదెలు ఏమంటాండు?" అడిగాడు జైసింగ్.

"ముసలామె ఎంత తూగుతదో చెప్పమంటాండు."

"చిట్టిగువ్వంత ఉన్నది. గామెను తూచుడేంది సేటు?"

శివప్రసాద్ లేచాడు. కాటా మీది బెల్లపు పొడిని ఊది, తువ్వాలుతో తుడిచి, పీట వేశాడు. లోపలికి తిరిగి, "అమ్మా, జర ఇటు రా," అని పిలిచాడు.

సరోజన గోడ పట్టుకుని వచ్చింది. కాటాను చూసి గుమ్మం దగ్గరే ఆగింది. ఆమె ముఖంలో ఏదో వచ్చి పోయింది, ఎండలో మబ్బు నీడ వీధి దాటినట్టు.

"నన్నెందుకురా?"

"బండికమ్మా. నువ్వు ముంగట కూసుంటవు గదా. నీకు నొప్పి పుట్టొద్దు."

ఆమె ముందుకు అడుగు వేసింది. కాటా ఎక్కడానికి పట్టు దొరకక తడబడితే, నేను ముందుకు జరిగి మోచెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎండు కొమ్మంత తేలిక. మెల్లగా పీట మీద కూర్చుంది. రెండు పాదాలనూ దగ్గరగా, పళ్లెం మధ్యకు లాక్కుని, వాటినే చూస్తూ ఉండిపోయింది. ఎర్ర అంకెలు ఊగుతున్నాయి. జైసింగ్ బీడీ నేలకు రాసి ఆర్పాడు. శివప్రసాద్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, అంకెల వైపు వంగాడు. తర్వాత తల ఎత్తకుండా, చాలా మెల్లగా, నాతో అన్నాడు:

"జర ఇటు జరుగు తమ్మీ. నీ కాలు కాటా మీదున్నది."